ఆదివారం కూడా డ్యూటీయే: షిఫ్టులు, చదువుల మధ్య ప్రార్థనకు ఏ వేళ, ఏ కూటం?

తిరుపతిలో పనిచేసేవాళ్లకు ఆదివారం సెలవు అనేది కొంచెం వింతైన మాట. శుక్రవారం సాయంత్రం నుంచే రైళ్లు, బస్సులు నిండుగా వస్తాయి. లాడ్జీ రిసెప్షన్‌లో కూర్చునే అబ్బాయికి, ట్రావెల్స్ కారు తోలే అతనికి, హోటల్ క్యాష్ కౌంటర్‌లో ఉండే అమ్మాయికి వారంలో అన్నిటికంటే బరువైన రోజులు శని, ఆదివారాలే. మంగళవారం సెలవు అడిగితే ఇస్తారు. ఆదివారం అడిగితే మేనేజర్ మొహం మాడ్చుకుంటాడు. నేను నర్సును. మాకు తిరుమల రద్దీతో పనిలేదు, నెల మొదట్లో గోడకు అతికించే డ్యూటీ చార్టే మా పంచాంగం.

మా చర్చి సంఘంలో యవ్వనస్తుల కూటం చూసుకునే పని నాకు అప్పగించి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట "అక్కా, టైమ్ కుదరడం లేదు". మొదట్లో నేను కూడా అందరిలాగే "దేవునికి మొదటి స్థానం ఇవ్వాలి తమ్ముడూ" అనేదాన్ని. తలూపి వెళ్లిపోయేవాళ్లు, మళ్లీ వారం కనిపించేవాళ్లు కాదు. ఇప్పుడు ఆ మాట అనడం మానేశాను. డ్యూటీ చార్టు తీయమంటాను, హాస్టల్ టైమ్‌టేబుల్ చూపించమంటాను. ఆ తర్వాత రెండు ప్రశ్నలు అడుగుతాను. నువ్వు ఎంచుకున్న పద్ధతి నీ అన్నిటికంటే అధ్వాన్నమైన వారంలో కూడా నిలబడుతుందా? నువ్వు రాకపోతే ఎవరికైనా తెలుస్తుందా?

తొందరలో ఉన్నవాళ్లకు నా తీర్పు ముందే చెప్పేస్తాను. రోజూ ఒకే వేళకు పడుకునేవాళ్లు ఉదయాన్ని ఎంచుకోండి. షిఫ్టులవాళ్లు గడియారాన్ని వదిలేసి రోజూ తప్పనిసరిగా చేసే ఏదో ఒక పనికి ప్రార్థనను ముడిపెట్టుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏడాదిలో బైబిల్ మొత్తం చదవాలన్న పంతం పెట్టుకోవద్దు, కొత్త నిబంధన చాలు. ఒంటరి ధ్యానం, నలుగురి కూటం, రెండిటిలో ఒక్కటే మిగిలే పరిస్థితి వస్తే కూటాన్నే పట్టుకోండి. ఈ చివరి మాట మా పాస్టర్ గారికి పూర్తిగా నచ్చదు. ఎందుకంటున్నానో దాని చోట చెబుతాను.

వేకువా, రాత్రా

చిన్నప్పటి నుంచి మనకు చెప్పేది వేకువ ప్రార్థన గురించే. మార్కు సువార్త 1వ అధ్యాయం 35వ వచనం సండే స్కూల్లో అందరూ కంఠతా పట్టినదే. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి, ఊరికి దూరంగా వెళ్లి ప్రార్థన చేసుకున్నాడు. దానికి ముందున్న మూడు వచనాలు మాత్రం ఎవరూ కంఠతా పట్టించరు. ముందు రోజు పొద్దుగుంకాక పట్టణమంతా రోగులను తెచ్చి వాకిట్లో నిలిపింది. మా భాషలో చెప్పాలంటే ఓపీ అయిపోయాక క్యాజువాలిటీ నిండిపోయిన రాత్రి అది. అలాంటి రాత్రి తర్వాత లేచాడంటే గొప్పే. అయితే ఆయన రోజూ అదే గంటకు లేచాడని ఎక్కడా లేదు. లూకా 6:12లో రాత్రంతా ప్రార్థనలో గడిపాడు. దానియేలుది రోజుకు మూడుసార్లు. 119వ కీర్తన రాసినవాడు దినానికి ఏడుసార్లు స్తుతిస్తున్నానంటాడు. 4వ కీర్తనలో ధ్యానం పడక మీదే. బైబిల్లోనే ఇన్ని టైమ్‌టేబుళ్లు ఉన్నప్పుడు మనకు ఒక్కటే ఉండాలని ఎవరు చెప్పారో!

ఉదయానికి ఉన్న బలం తెలిసిందే. ఫోన్ మోగదు, ఎవరూ పేరు పెట్టి పిలవరు, రోజు ఇంకా చెడిపోలేదు. కానీ అందరి ఉదయాలూ ఒకటి కాదు. మన చిత్తూరు వైపు పాడి ఉన్న ఇళ్లలో తెల్లవారుజామున ఐదంటే పాలు పితికే వేళ, వ్యాను వచ్చేలోపు పాలు కేంద్రానికి చేరాలి. మా అమ్మ ఉదయం పూట మోకాళ్ల మీద ప్రార్థన చేయడం నేను చూడలేదు. ఆవు పక్కన గొంతుక్కూర్చుని, పొదుగు కడుగుతూ కీర్తన పాడుకునేది. ఆ పాట ఎత్తుకుంటే గానీ ఆవు పాలు చేపదని మా నాయన ఎగతాళి చేసేవాడు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఇంటర్ చదివే పిల్లలకైతే ఐదింటికే స్టడీ అవర్ బెల్లు కొడతారు. వాళ్లను నాలుగింటికి లేచి ప్రార్థన చెయ్యమనడం నాకు మనసొప్పదు. ఆ వయసులో నిద్ర కరువైతే చదివింది కూడా తలకెక్కదు.

నేనూ ఒకప్పుడు నాలుగున్నరకు అలారం పెట్టినదాన్నే. నర్సింగ్ రెండో సంవత్సరంలో ఒక ఉజ్జీవ కూటానికి వెళ్లొచ్చి, ఆ వేడిలో, రోజూ గంటసేపు అని నిర్ణయం తీసుకున్నాను. మొదటి వారం అద్భుతంగా గడిచింది. రెండో వారం మోకాళ్ల మీదే నిద్రపోయాను, మంచం పట్టె నుదుటి మీద అచ్చు పడింది. మూడో వారం అలారం ఆపి పడుకున్నాను. నాలుగో వారానికి దేవుడి మొహం చూడటానికే సిగ్గేసి, అసలు ప్రార్థనే మానేశాను. అలా ఎనిమిది నెలలు. గంట పెట్టుకున్నందుకే ఎనిమిది నెలలు పోయాయని ఇప్పుడు నాకు తెలుసు. పది నిమిషాలు పెట్టుకుని ఉంటే రెండో వారం కూడా గట్టెక్కేదాన్ని.

రాత్రి ప్రార్థనకు పెద్ద శత్రువు నిద్ర కాదు, ఫోన్. బైబిల్ యాప్ తెరుద్దామని ఫోన్ తీస్తాం, వాట్సాప్ గుర్తు మీద ఎర్ర చుక్క కనిపిస్తుంది, అంతే సంగతి. రాత్రినే ఎంచుకునేవాళ్లు కాగితపు బైబిల్ దగ్గర పెట్టుకోండి, ఫోన్‌ను గదిలో అవతలి మూల చార్జింగ్‌కు పెట్టండి. నైట్ స్టడీ చేసే డిగ్రీ, పీజీ విద్యార్థులకు ఇది బాగా కుదరడం చూశాను. చదువు ముగించాక చదివే ఒక కీర్తన, ఆ రోజుకు మూత పెట్టినట్టు ఉంటుంది.

ఇక షిఫ్టులవాళ్లు. మాకు ఉదయం ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రంతా, ఇలా మూడు రకాలు. వారానికోసారి మారిపోతాయి. ఇలాంటివాళ్లకు ఉదయమా, రాత్రా అన్న ప్రశ్నే దండగ. ఏ షిఫ్టులోనైనా మారనిది ఏదో వెతకండి. నాకు అది యూనిఫాం వేసుకోవడం. యూనిఫాం వేసుకున్నాక, బూట్లు తొడుక్కునే ముందు, ఏడు నిమిషాలు. పొద్దున ఏడింటికైనా, రాత్రి ఏడింటికైనా అదే. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తమ్ముడికి అది టిఫిన్ డబ్బా. డబ్బా మూత తీసేలోపు ఒక వచనం, ఒక ప్రార్థన. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. రెండేళ్లుగా అతను తప్పింది పది, పదిహేనుసార్లకు మించదు, నా నాలుగున్నర అలారం కంటే ఎన్నో రెట్లు నయం.

చోటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పీజీ హాస్టల్లో గదికి నలుగురు. మత్తయి 6:6 ఏమో గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమంటుంది. ఏ గది, ఏ తలుపు? గ్రీకు మూలంలో ఆ గదికి వాడిన మాటకు సామాన్లు దాచుకునే గది అనే అర్థం ఉంది. అది తెలిసిన రోజు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అప్పటికే నేను ఏడాదిగా వార్డు పక్కన దుప్పట్లు పెట్టే గదిలో ప్రార్థన చేసుకుంటున్నాను. హాస్టల్ పిల్లలకు నేను చెప్పేది మిద్దె మీద వాటర్ ట్యాంకు పక్క. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండకు పగలు అక్కడ కాలు పెట్టలేరు, సూర్యుడు దిగాక వెళ్లండి.

ఏడాదిలో అరవై ఆరు పుస్తకాలా

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఆ ఏడాదికి ఒక బైబిల్ వచనం ఉన్న వాగ్దాన కార్డు తీసుకుంటాం, ఆ ఊపులో ఏడాదిలో బైబిల్ మొత్తం చదివేయాలని తీర్మానం చేసేస్తాం. లెక్క చూద్దాం. ప్రొటెస్టెంట్ బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. 365 రోజులకు పంచితే రోజుకు మూడు సరిపోవు, నాలుగు పూర్తిగా అక్కర్లేదు. ఆదికాండం 50, నిర్గమకాండం 40. ఆ వేగంతో వెళ్తే సరిగ్గా జనవరి చివరి రోజుల్లో లేవీయకాండం గుమ్మంలో ఉంటాం. బలులు, కుష్ఠు పొడలు, ఏ జంతువు తినొచ్చు, ఏది తినకూడదు. అదే సమయానికి కాలేజీలో ప్రాక్టికల్స్ మొదలవుతాయి. ఎంతమంది ఆ గుమ్మంలోనే ఆగిపోయారో మా కూటంలో చేతులెత్తమంటే సగానికి పైగా లేచాయి, నా చెయ్యితో సహా.

కొత్త నిబంధన లెక్క వేరు. మొత్తం 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒక అధ్యాయం చొప్పున 52 వారాలకు సరిగ్గా 260. ఎవరో మనకోసమే కొలిచి కుట్టినట్టుంది. వారంలో రెండు రోజులు ఖాళీ ఉంటాయి కాబట్టి ఆదివారం ఒంటిపూట డ్యూటీ పడినా, సోమవారం యూనిట్ టెస్టు ఉన్నా లెక్క తప్పదు. అధ్యాయానికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. ఇది మొదటి ఏడాదికి నేను అందరికీ చెప్పే పద్ధతి.

అదీ బరువనిపించేవాళ్లకు సామెతలు ఉన్నాయి. 31 అధ్యాయాలు, తేదీ చూసి చదువుకోవడమే. ఈ రోజు 14వ తేదీ అయితే 14వ అధ్యాయం. నిన్న మొన్న తప్పిపోయిన సంగతి ఎవరికీ తెలియదు, మీకు కూడా గుర్తుండదు. 150 కీర్తనలు రోజుకొకటి చొప్పున ఐదు నెలలు. మరి ఏడాదిలో మొత్తం బైబిల్ ఎవరికి? ఒకసారి కొత్త నిబంధన పూర్తిచేసినవాళ్లకు, రోజూ అరగంట కూర్చునే వీలున్నవాళ్లకు. డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తూ ఇంట్లో ఉన్న ఏడాది దానికి మంచి అదను. ఆ ఏడాదిని చాలామంది దిగులుతోనే గడిపేస్తారు.

ఇంకో చిక్కు భాషది. మన ఇళ్లలో ఉన్న పాత తెలుగు బైబిల్ గ్రాంథికంలో ఉంటుంది. అవ్వలకు అది తేనె. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలకు "యెడతెగక ప్రార్థన చేయుడి" దాకా ఫర్వాలేదు, యెషయా గ్రంథంలోకి వెళ్లేసరికి కళ్లు తిరుగుతాయి. వాడుక తెలుగులో వచ్చిన అనువాదాలు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. రోజూ చదవడానికి అవి, కంఠతా పట్టడానికి పాతది. గుడిలో, అంటే చర్చిలో, అందరూ కలిసి చెప్పేటప్పుడు మనం ఒక్కరమే వేరే మాటలు పలికితే ఇబ్బందిగా ఉంటుంది.

చెవితో చదవడం

చిత్తూరు నుంచి రోజూ వేలూరు వెళ్లొచ్చేవాళ్లు, శ్రీసిటీ కంపెనీ బస్సుల్లో చీకటితో బయలుదేరేవాళ్లు, వీళ్లకు రోజులో రెండు మూడు గంటలు బస్సులోనే పోతాయి. పుస్తకం తెరిస్తే కుదుపులకు తల తిరుగుతుంది. ఆడియో బైబిల్ వీళ్లకోసమే. మార్కు సువార్తలో 16 అధ్యాయాలే, మొత్తం వినడానికి అటూ ఇటుగా రెండు గంటలు. రెండు రోజుల ప్రయాణంలో ఒక సువార్త అయిపోతుంది.

వినడం చదవడం కంటే తక్కువదేమో అన్న అనుమానం పెట్టుకోకండి. మొదటి శతాబ్దంలో సంఘాల్లో ఒకరు చదివితే మిగతావాళ్లు వినేవాళ్లు. ప్రకటన 1:3 చదివేవాడిని, వినేవాళ్లను ఇద్దరినీ ధన్యులంటుంది. మా అవ్వకు చదువు రాదు. ఆమె విన్న వాక్యం ముందు నేను చదివింది లెక్కలోకి రాదు.

అయితే వాక్యం వినడం వేరు, ప్రసంగాలు వినడం వేరు. యూట్యూబ్‌లో గంటన్నర మెసేజ్ పెట్టుకుని, మధ్యలో కునుకు తీసి, "ఈ రోజు వాక్యం విన్నాను" అనుకోవడం నాకూ అలవాటే. నా సలహా: వెళ్లేటప్పుడు వాక్యం, వచ్చేటప్పుడు పాటలు, ప్రసంగాలు ఇంట్లో గిన్నెలు తోముకునేటప్పుడు. ముందు రోజు రాత్రే డౌన్‌లోడ్ చేసుకోండి, దారిలో సిగ్నల్ పోతుంది. బైక్ మీద వెళ్లేవాళ్లు మాత్రం చెవిలో ఏమీ పెట్టుకోవద్దు. వెనక లారీ హారన్ వినపడక ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లకు నేను కట్లు కట్టాను.

మీరు రాకపోతే ఎవరికి తెలుస్తుంది

ఇక అసలు ఎంపిక ఇదే. ఆదివారం పెద్ద ఆరాధనా, వేకువ ఆరాధనా, ఆన్‌లైనా, వారం మధ్యలో చిన్న కూటమా?

సంఘాల తీరు తెలిస్తే సగం చిక్కు తీరుతుంది. మన ప్రాంతంలో పాత సంఘాలకు పెద్ద చరిత్రే ఉంది. 1865లో నాయుడుపేట వైపు పని మొదలుపెట్టిన జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషన్ నుంచి వచ్చిన దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి తిరుపతే కేంద్రం. చిత్తూరు, మదనపల్లె వైపు అమెరికన్ ఆర్కాట్ మిషన్ నాటిన సంఘాలు, 1947 సెప్టెంబర్ 27న సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు అందులో భాగమయ్యాయి. ఈ పాత సంఘాల్లో ఆరాధన క్రమం పుస్తకంలో ఉంటుంది. ఎప్పుడు నిలబడాలి, ఎప్పుడు ఒప్పుకోలు, ఎప్పుడు ప్రసంగం, అన్నీ అచ్చులో ఉంటాయి. కుర్రాళ్లు బోర్ అంటారు గానీ షిఫ్టు మనిషికి అందులో ఒక వరం ఉంది, ఎన్నింటికి ముగుస్తుందో ముందే తెలుస్తుంది. స్వతంత్ర సంఘాల్లో ఆరాధన, సాక్ష్యాలు, ప్రసంగం కలిసి మూడు గంటలు దాటొచ్చు. ఆత్మ కదిలించినప్పుడు గడియారం చూడరు. రెండింటికి డ్యూటీ ఉన్నవాళ్లు అక్కడ ఒంటిగంట నుంచి గుమ్మం వైపే చూస్తూ కూర్చుంటారు. పాటల్లో ప్రాణం ఉంటుంది, ప్రార్థన చేయించుకోవాలంటే ముందుకు పిలిచి చేయి వేసేవాళ్లు ఉంటారు, అదీ నిజమే. కాబట్టి ఆదివారం పూర్తిగా ఖాళీ ఉంటే మీ మనసుకు నచ్చిన చోటు. డ్యూటీ ఉన్న ఆదివారం తెల్లవారుజామున ఆరింటికో ఏడింటికో మొదటి ఆరాధన జరిగే గుడి ఒకటి చూసిపెట్టుకోండి. కతోలికులకు శనివారం సాయంత్రం పూజకు వెళ్లినా ఆదివారం బాధ్యత తీరినట్టే. ఈ సంగతి చాలామంది కతోలిక యువకులకే తెలియదు.

ఆదివారం అసలు కుదరనివాళ్లు నేరం చేసినట్టు కుంగిపోవద్దు. విశ్రాంతి దినం మనుషుల కోసం నియమించబడిందని మార్కు 2:27లో ఉంది. రోమా 14లో పౌలు ఒకడు ఒక దినాన్ని ఎక్కువగా ఎంచుతాడు, ఇంకొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచుతాడు అని రాసి ఊరుకున్నాడు, ఎవరినీ తిట్టలేదు. మంగళవారం సెలవైతే మంగళవారం కూటమే మీకు ఆదివారం. అయితే అడగకుండానే ఆదివారాన్ని వదులుకోకండి. మా వార్డులో మాకొక ఒప్పందం ఉంది. వినాయక చవితి, వైకుంఠ ఏకాదశి, బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు నేను డ్యూటీ చేస్తాను. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఏడు మాటల ఆరాధనకు, క్రిస్మస్‌కు, నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు బల్లకు వాళ్లు నా బదులు చేస్తారు. చార్టు వేసే ముందే అడగాలి. గోడకు అతికించాక అడిగితే ఎవరికైనా చిరాకే.

ఆన్‌లైన్ ఆరాధన గురించి ఎక్కువ చెప్పను. జ్వరం వచ్చినప్పుడు, బాలింతకు, ఊరు దాటి వెళ్లినప్పుడు మంచి సాయం. అలవాటైతే మాత్రం పప్పుకు తిరగమోత పెడుతూ ఆరాధన చూసే స్థితికి వస్తాం. ఆ వీడియో చూసినవాళ్ల లెక్కలో మీరు ఒక అంకె, మీరు తగ్గినా ఆ అంకె తగ్గినట్టు తెలియదు.

ఇక్కడే నా కథ చెప్పాలి. కొత్తగా తిరుపతి వచ్చినప్పుడు ఏడు నెలలు ఒక పెద్ద గుడికి వెళ్లాను. వెనక వరసలో కూర్చోవడం, కానుక వేయడం, ఆశీర్వాదం కాగానే బస్సుకు పరుగెత్తడం. ఆ రోజుల్లోనే మా నాయనకు గుండెపోటు వచ్చింది. ఇరవై రోజులు ఊళ్లో ఉండిపోయాను. తిరిగి వచ్చి అదే వెనక వరసలో కూర్చుంటే పక్కావిడ జరిగి చోటిచ్చింది, అంతే. ఎవరిదీ తప్పు కాదు. నా పేరు ఎవరికీ తెలియదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత మూడు నెలలకు మా ఆసుపత్రిలో ముగ్గురు నర్సులం కలిశాం. ఒకరు లూథరన్, ఒకరు పెంతెకోస్తు, నేను సి.ఎస్.ఐ. డ్యూటీ మారే ముందు, బట్టలు మార్చుకునే గదిలో, పది నిమిషాలు. ఒక వచనం, ముగ్గురి అవసరాలు, ఒకరి ప్రార్థన. పని గంటల్లో చెయ్యం, రోగుల మంచాల దగ్గర చెయ్యం, అది మాకు మేము పెట్టుకున్న హద్దు. ఒక రోజు నేను రాకపోతే సాయంత్రం ఫోన్ వచ్చింది. "ఏమే, ఏమైంది నీకు? ఒంట్లో బాగుందా?" ఆ ఫోన్ పెట్టేశాక కాసేపు ఏడ్చాను. ఇద్దరు ముగ్గురు కూడిన చోట నేనుంటాను అన్న మాట మత్తయి 18:20లో ఎన్నిసార్లు చదివానో. ముగ్గురమే ఉన్నప్పుడు ఒకరు తగ్గితే తెలిసిపోతుంది.

అందుకే ఒంటరి ధ్యానం కంటే చిన్న కూటానికి ముందు ఓటు వేస్తున్నాను. ఒంటరిగా ప్రార్థించేవాడు ఆగిపోతే ఆ సంగతి అతనికీ దేవునికీ తప్ప ఎవరికీ తెలియదు, నా ఎనిమిది నెలల్లాగా. కూటం ఉంటే ఎవరో ఒకరు తలుపు తడతారు, దాని వెనకాలే ఒంటరి ప్రార్థన కూడా తిరిగి వస్తుంది. మా పాస్టర్ గారు దీన్ని తలకిందులుగా చెబుతారు, గదిలో ప్రార్థన లేనివాడు కూటంలో ఏం చేస్తాడంటారు. ఆయన మాట కొట్టిపారేయలేను. ఆయన ముప్పై ఏళ్లుగా నాలుగింటికి లేస్తున్న మనిషి, నేను రెండు వారాలు లేచినదాన్ని. ఆ తేడా మా ఇద్దరి సలహాల్లోనూ ఉంది.

కాలేజీలో ఉన్నవాళ్లకు ఇంకో మంచి దారి ఉంది. యు.ఇ.ఎస్.ఐ. అనే విద్యార్థి సంఘం 1954లో మొదలైంది. మన ఎస్వీ యూనివర్సిటీ పుట్టింది కూడా అదే ఏడాది. వాళ్ల చిన్న కూటాలను విద్యార్థులే నడుపుకుంటారు, వేర్వేరు సంఘాల పిల్లలు కలుస్తారు. ఊళ్లో సంఘం ఒకటి, చదువుకునే చోట కూటం ఒకటి, రెండూ ఉంచుకోవచ్చు. కొత్త ఊళ్లో చేరిన మొదటి నెలలోనే వెతుక్కోండి. రెండో సెమిస్టర్‌కు ఆదివారం పూట లేటుగా నిద్రలేవడం అలవాటైపోతుంది.

కాయర్, సండే స్కూల్, ఉపవాసం

టైమ్ లేదనేవాళ్లలో ఒక రకం గుడికి రానివాళ్లు. ఇంకో రకం గుడిలోనే నలిగిపోయేవాళ్లు. గిటార్ వాయించడం వచ్చిన పాపానికి శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం కాయర్ (పాటల బృందం) ప్రాక్టీస్, ఆదివారం పొద్దున సండే స్కూల్, సాయంత్రం యవ్వనస్తుల కూటం, అన్నిటికీ ఒకే అబ్బాయి. వాళ్లమ్మ ఫోన్ చేసి "వాడు సప్లీలు ఎప్పుడు రాస్తాడమ్మా?" అని నన్నడిగింది. పనుల్లో పడి యేసు మాట వినే తీరిక లేకపోయిన మార్త కథ లూకా 10లో ఉన్నది వంటింట్లోని ఆడవాళ్లకే కాదు, గిటార్ పట్టిన అబ్బాయిలకూ వర్తిస్తుంది. ఒక ఏడాదికి ఒక్క బాధ్యత. "అయ్యగారూ, ఈ ఏడాది సండే స్కూల్ ఒక్కటే చూసుకుంటాను" అని చెప్పడం నేర్చుకోండి. నోరు తిరగకపోతే నా పేరు చెప్పండి, మా కూటం పిల్లలు అలాగే చేస్తారు.

ఉపవాసం సంగతి నర్సుగా చెబుతున్నాను. నైట్ డ్యూటీ రోజు వద్దు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా వద్దు. నీళ్లు మానవద్దు.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి పల్ప్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు జూన్, జూలై నెలల్లో ఊపిరాడదు. తోతాపురి లోడ్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉంటాయి, యంత్రం ఆగదు. అలాంటివాళ్లకు ఒకే పద్ధతి ఏడాదంతా నడవదు. సీజన్‌కు ఒకటి, మిగతా రోజులకు ఒకటి పెట్టుకోండి. సీజన్లో రోజుకు ఒక్క కీర్తన, కూటంలో ఒక్కరితో ఫోన్. సీజన్ అయ్యాక కొత్త నిబంధన, ఆదివారం ఆరాధన. బీటెక్ పిల్లలకు సెమిస్టర్ పరీక్షలు కూడా ఒక సీజనే. ఏ పద్ధతి మీకు పడుతుందో తేల్చుకోవడానికి శ్రమ దినాలు మంచి కొలత. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. అన్ని రోజులు నిలిచిందంటే అది మీ ఒంటికి పట్టినట్టే.

ఆగిపోయాక

ఏది ఎంచుకున్నా ఎప్పుడో ఒకసారి ఆగిపోతుంది. అప్పుడు రెండు దారులుంటాయి. తప్పిపోయిన అధ్యాయాలన్నీ ఒక్క ఆదివారం కూర్చుని చదివేయడం ఒకటి, వాటిని వదిలేసి ఈ రోజు తేదీ దగ్గర మొదలుపెట్టడం ఒకటి. రెండోదే చెయ్యండి. నలభై అధ్యాయాల బాకీ తీర్చాలని కూర్చున్నవాళ్లు పదకొండో అధ్యాయంలో పుస్తకం మూసేస్తారు.

గుడికి వెళ్లడం మానేసి రెండు మూడు నెలలైతే తిరిగి వెళ్లడానికి మొహం చెల్లదు. ఆ రోజు ఐదు నిమిషాలు ముందే వెళ్లండి. వెనక వరసలో కూర్చోకండి, అవ్వలు కూర్చునే వైపు వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. కళ్లజోడు సర్దుకుని, మీ చెయ్యి పట్టుకుని, "ఏం మ్మా, ఇన్ని దినాలు యాడికి పోయుంటివి?" అని పది మందికీ వినపడేటట్టు అడుగుతారు. నైట్ డ్యూటీ అవ్వా, అని చెప్పండి. ఏం డ్యూటీనో, తిన్నావో లేదో, పెళ్లి ఎప్పుడో, అన్నీ అడిగేలోపు మొదటి పాట మొదలవుతుంది.